ఆట ఆయనది, లెక్కలు వాళ్లవి

అమెరికన్ ఫుట్‌బాల్ తొలితరం మేటి జిమ్ థోర్ప్ ఒక ఆదివాసీ హాస్టల్ పిల్లవాడు. ఆయన గెలిచిన ఆటల కథ లోకమంతా చెప్పుకుంటుంది. గెలిచిన తర్వాత ఆయనకేం జరిగిందో మాత్రం భద్రాచలం ఏజెన్సీ తప్పకుండా తెలుసుకోవాలి.

1911 నవంబరు 11, శనివారం. హార్వర్డ్ విశ్వవిద్యాలయం స్టేడియం జనంతో నిండిపోయింది. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆ రోజుల్లో హార్వర్డ్ పేరు చెబితే ఎదుటి జట్లకు హడల్. ఆ రోజు ఎదురు నిలిచింది మాత్రం పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్ నుంచి వచ్చిన ఆదివాసీ పిల్లల జట్టు. వీళ్ల మీద ఇంతమాత్రం చాలనుకుని హార్వర్డ్ మేటి ఆటగాళ్లను కూర్చోబెట్టి, రెండో వరుస వాళ్లను దించింది. కార్లైల్ హాఫ్‌బ్యాక్ కాలికి దెబ్బ తగిలి గట్టి కట్టుతో ఉన్నాడు. నొప్పిని పంటి బిగువున భరిస్తూనే నాలుగుసార్లు బంతిని గోల్ కర్రల మధ్యనుంచి దాటించాడు. చివర్లో హార్వర్డ్ అసలు జట్టు పరుగుపరుగున దిగింది కానీ అప్పటికే చేయి దాటిపోయింది. కార్లైల్ 18, హార్వర్డ్ 15.

ఆ హాఫ్‌బ్యాక్ పేరు జిమ్ థోర్ప్. సాక్ అండ్ ఫాక్స్ తెగ బిడ్డ. తెగలో ఆయన పేరు వా-థో-హక్.

పేరుకి ఫుట్‌బాల్ అయినా ఈ ఆటలో కాలికి పని తక్కువ. కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని ఒకడు ఎదుటి గీత వైపు దూసుకెళ్తాడు. కబడ్డీలో కూతకు వచ్చినవాడిని పట్టినట్టు పదకొండు మంది అతన్ని పట్టి నేలకు పడేయాలి. గీత దాటితే టచ్‌డౌన్. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన మన పిల్లలు ఆదివారం పూట టీవీ ముందు నుంచి కదలకుండా చూసే ఎన్ఎఫ్ఎల్ ఇదే. వేల కోట్ల డాలర్ల ఆ లీగ్‌కు మొట్టమొదటి అధ్యక్షుడు కూడా జిమ్ థోర్పే. ఆయన్ను గురించి మన ఖమ్మం, కొత్తగూడెం జిల్లాల పాఠకులకు ఎందుకు చెప్పాలంటే, ఆయన పుట్టిన నేల కథ, చదివిన బడి కథ వింటుంటే చర్ల, దుమ్ముగూడెం, కరకగూడెం ఊళ్లు అడుగడుగునా గుర్తుకొస్తాయి.

తలకు 160 ఎకరాలు

థోర్ప్ 1887లో నేటి ఓక్లహోమాలోని ప్రేగ్ అనే ఊరి దగ్గర పుట్టాడు. అప్పట్లో దాన్ని ఇండియన్ టెరిటరీ అనేవాళ్లు. తూర్పు నుంచి తరిమిన ఎన్నో తెగలను తెచ్చి కుక్కిన ప్రాంతం అది. అక్కడైనా ఉండనిచ్చారా అంటే అదీ లేదు. తెగ ఉమ్మడిగా అనుభవిస్తున్న భూమిని ముక్కలు చేసి తలకు 160 ఎకరాలు రాసిచ్చారు. మిగిలినదంతా 1891 సెప్టెంబరులో తెల్ల వలసదారులకు తెరిచారు. తుపాకీ పేల్చగానే గుర్రాల మీద, బండ్ల మీద పరుగెత్తుకొచ్చి ఎవరు ముందు గుంజ పాతితే భూమి వాళ్లది. థోర్ప్‌కు అప్పటికి నాలుగేళ్లు.

మన ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1959లో నిబంధన చేసి, 1970లో 1/70 చట్టంతో బిగించారు. చట్టం ఉన్నా బినామీ పేర్లతో, అప్పుల కింద, అగ్రిమెంటు కాగితాలతో భూములు ఎలా జారిపోయాయో భద్రాచలం డివిజన్‌లో ముసలివాళ్లనెవరిని అడిగినా చెబుతారు. థోర్ప్ వాళ్ల మిగులు భూమికి అలాంటి రక్షణ కూడా లేదు. అక్కడ పరుగు పందెం పెట్టి మరీ పంచిపెట్టింది ప్రభుత్వమే.

థోర్ప్‌కు ఒక కవల సోదరుడు ఉండేవాడు, పేరు చార్లీ. చిన్నతనంలోనే న్యుమోనియాతో పోయాడు. ఆ తర్వాత జిమ్ ఏ బడిలోనూ నిలవలేదు, పారిపోయి ఇంటికి వచ్చేసేవాడు. కొన్నాళ్లకు తల్లి కన్నుమూసింది. 1904లో కార్లైల్ చేరాడు, ఆ ఏడే తండ్రీ కన్నుమూశాడు.

జుట్టు కత్తిరించే బడి

కార్లైల్ ఇండియన్ ఇండస్ట్రియల్ స్కూల్‌ను 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి పాత సైనిక బారకుల్లో పెట్టాడు. ఆదివాసీ పిల్లవాడిలోని ఆదివాసీతనాన్ని చంపేస్తే మనిషి మిగులుతాడన్నది ఆయన బహిరంగంగా ప్రకటించిన సిద్ధాంతం. రాగానే జుట్టు కత్తిరించేవాళ్లు. సొంత బట్టలు తీసేసి యూనిఫాం తొడిగేవాళ్లు. పేరు మార్చేవాళ్లు. సొంత భాషలో మాట్లాడితే శిక్ష. సగం రోజు చదువు, సగం రోజు పని. వేసవిలో ఇంటికి పంపకుండా తెల్ల రైతుల పొలాల్లో, ఇళ్లలో పనికి పంపేవాళ్లు. 1918లో మూతపడేలోగా వందకు పైగా తెగల నుంచి వేల మంది పిల్లలు ఆ గేటు దాటి లోపలికి వచ్చారు. ఇళ్లకు తిరిగి వెళ్లని పిల్లల సమాధులు అక్కడ 180కి పైగా ఉన్నాయి. కొన్ని తెగలు ఈ మధ్య తమ పిల్లల ఎముకలను తవ్వించి సొంత నేలకు తీసుకెళ్తున్నాయి.

మన ఆశ్రమ పాఠశాలలను కార్లైల్‌తో సమానం చేయడం తప్పు. అవి పుట్టింది మరో ఉద్దేశంతో. మన దగ్గర అసలు ఆరంభమే వేరుగా ఉంది. 1941లో పాపికొండల్లో కొండరెడ్ల మధ్య ఉండి పుస్తకం రాసిన మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారుచేసే కేంద్రం పెట్టించాడు. పిల్లలకు వాళ్ల భాషలోనే తొలి పాఠాలు చెప్పించాడు. అది నిజాం రాజ్యంలో, కార్లైల్ మూతపడిన పాతికేళ్లకు. ఆ దారిలోనే గట్టిగా నడిచి ఉంటే ఈపాటికి కోయ పిల్లవాడు కోయలో చదువు మొదలుపెట్టడం ఏజెన్సీ అంతటా మామూలు విషయం అయ్యుండేది. కోయ వాచకాలు తయారయ్యాయి, కొన్ని బళ్లకు వెళ్లాయి, ఆ ప్రయత్నం నిలకడగా సాగలేదు. ఏడాదిలో పది నెలలు హాస్టల్‌లో ఉండే పిల్లవాడికి తన గోత్రం కథ ఎవరు చెబుతారు? మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కోయ వీరుల కథలను డోలు మీద పాడి 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో ఆయన కన్నుమూశారు. ఆ కథలు వినాల్సిన వయసు పిల్లలు అవి పాడే వేళకు ఏదో ఒక హాస్టల్‌లో స్టడీ అవర్‌లో ఉంటారు.

అంగుళాలు, పౌన్లు, ఎత్తుగడలు

1907లో ఒక సాయంత్రం కార్లైల్ మైదానంలో హైజంప్ సాధన జరుగుతోంది. పనిబట్టల్లో అటుగా వెళ్తున్న థోర్ప్ ఆగి, తనూ ఒకసారి ఎగురుతానని అడిగాడు. బారు 5 అడుగుల 9 అంగుళాల ఎత్తున ఉంది. ఆ బట్టలతోనే దాటి వెళ్లిపోయాడు. కోచ్ గ్లెన్ వార్నర్ మర్నాడు కబురు పెట్టాడు. ఫుట్‌బాల్ ఆడతానంటే మాత్రం ఒప్పుకోలేదు, పరుగుల పోటీలకు పనికొచ్చే కాళ్లు విరుగుతాయని భయం. ఒక్కసారి బంతి ఇవ్వమని థోర్ప్ పట్టుబట్టాడు. ఇచ్చారు. అడ్డుకోవడానికి నిలబెట్టిన జట్టు మొత్తాన్నీ తప్పించుకుని గీత దాటాడు. మళ్లీ ఇచ్చారు, మళ్లీ దాటాడు.

ఆ జట్టు గురించి కొంత చెప్పాలి. కార్లైల్ కుర్రాళ్లు ఎదుటి కాలేజీ వాళ్లకంటే బరువులో, పొడవులో తక్కువ. ఆనాటి ఫుట్‌బాల్ అంటే మీద పడి తొక్కుకుంటూ పోవడమే. 1905లో మైదానంలో తగిలిన దెబ్బలకు డజనుకు పైగా యువకులు చనిపోతే, అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కలగజేసుకున్నాడు. 1906 నుంచి బంతిని ముందుకు విసరడానికి అనుమతి వచ్చింది. పెద్ద కాలేజీలు ఆ విసురును చిన్నచూపు చూశాయి. కార్లైల్ దాన్ని అందిపుచ్చుకుంది. 1907లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాన్ని 26-6తో ఓడించినప్పుడు బంతి గాలిలో అంత దూరం వెళ్లి సరిగ్గా చేతుల్లో పడడం చూసి జనం నోరెళ్లబెట్టారు. అంతకుముందు 1903లోనే హార్వర్డ్ మీద ఒక కుర్రాడి జెర్సీ వెనక బంతి దాచేసి, అందరూ వెతుకుతుండగా అతన్ని గీత దాటించారు. ఆ ఆట ఒక్క పాయింటుతో ఓడినా ఆ ఎత్తు చరిత్రలో నిలిచింది. బరువు లేనివాళ్లు బుర్రతో, వేగంతో ఆటనే మార్చేశారు. నేడు ఎన్ఎఫ్ఎల్‌లో కనిపించే విసురుల ఆటకు తొలి రూపం ఇచ్చినవాళ్లలో ఈ హాస్టల్ పిల్లలున్నారు.

1912 నవంబరు 9న కార్లైల్ జట్టు వెస్ట్ పాయింట్ వెళ్లింది. అక్కడ ఎదురైంది అమెరికా సైనిక అకాడమీ. వూండెడ్ నీ దగ్గర అమెరికా సైన్యం లకోటా తెగవాళ్లను, ఆడవాళ్లు పిల్లలతో సహా, కాల్చి చంపి అప్పటికి ఇరవై రెండేళ్లు. ఆటకు ముందు కోచ్‌కు పెద్ద ఉపన్యాసం చెప్పాల్సిన పనే లేకపోయింది. కార్లైల్ 27, సైన్యం 6. ఆ రోజు సైన్యం తరఫున ఆడినవాళ్లలో డ్వైట్ ఐజెన్‌హోవర్ అనే క్యాడెట్ ఉన్నాడు. తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు. తాను చూసిన ఫుట్‌బాల్ ఆటగాళ్లందరిలో థోర్ప్‌దే పైచేయి అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పులోనే, ఆయన జన్మలో సాధన చేసి ఎరగడని కూడా అన్నాడు.

ఈ రెండో మాట దగ్గర ఆగాలి. థోర్ప్ మీద అందరూ చెప్పిన మాట ఇదే. పుట్టుకతో వచ్చిందనీ, కష్టపడలేదనీ, స్టాక్‌హోం వెళ్లే ఓడలో అందరూ సాధన చేస్తుంటే నిద్రపోయాడనీ. అదే ఓడలో వెళ్లిన పరుగుల వీరుడు రాల్ఫ్ క్రేగ్, తామిద్దరం డెక్ మీద కలిసి పరుగెత్తేవాళ్లమని తర్వాత చెప్పాడు. అయినా కట్టుకథే నిలిచింది. మన దగ్గరా ఇంతే. గొమ్ము కోయ పిల్ల పరుగులో గెలిస్తే, అడవి పిల్లలకు అది సహజం అంటారు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, హాస్టల్ గేటు తీసేదాకా ఆగి, కంకర రోడ్డు మీద పరుగెత్తిన నెలలన్నీ ఆ ఒక్క మాటతో తుడిచిపెట్టుకుపోతాయి. మెచ్చుకున్నట్టే ఉంటుంది గానీ అది కష్టాన్ని దోచుకోవడమే.

పతకాలు వెనక్కి

1912 జూలైలో స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో థోర్ప్ పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింట్లోనూ స్వర్ణాలు గెలిచాడు. పెంటాథ్లాన్‌లో అయిదింట నాలుగు పోటీల్లో తనే ముందు. బూట్లు మాయమైతే, దొరికిన రెండు వేర్వేరు బూట్లు తొడుక్కుని డెకాథ్లాన్ ఆడాడు. న్యూయార్క్‌లో ఊరేగించారు.

ఆరు నెలలకు, 1913 జనవరిలో, ఒక పత్రికలో వార్త వచ్చింది. 1909, 1910 వేసవుల్లో థోర్ప్ నార్త్ కరోలినాలో చిన్న లీగ్ బేస్‌బాల్ ఆడి కాస్త డబ్బు తీసుకున్నాడని. డబ్బు తీసుకున్నవాడు ఒలింపిక్స్ ఆడకూడదన్నది ఆనాటి నియమం. కాలేజీ కుర్రాళ్లు ఎందరో మారుపేర్లతో అలా ఆడేవాళ్లు. థోర్ప్ సొంత పేరుతో ఆడాడు. అభ్యంతరం ఏదైనా పోటీలు ముగిసిన 30 రోజుల్లోగా చెప్పాలన్నది కూడా నియమమే. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. లోకం తెలియని ఆదివాసీ విద్యార్థిని, తప్పని తెలియక చేశాను అంటూ థోర్ప్ పేరుతో ఒక ఉత్తరం వెళ్లింది. దాని వెనక వార్నర్ హస్తం ఉందని చరిత్రకారులు చాలామంది భావిస్తారు. వార్నర్, స్కూల్ సూపరింటెండెంట్ ఇద్దరూ తమకేమీ తెలియదన్నారు. పతకాలు వెనక్కి వెళ్లిపోయాయి.

ఆ ఇద్దరి పేరు నిలబడింది, కుర్రాడిది పోయింది. ఈ వ్యవహారం మొత్తంలో నాకు మింగుడుపడనిది ఇది. కార్లైల్ ఫుట్‌బాల్ మ్యాచ్‌ల టికెట్ల డబ్బు భారీగా వచ్చేది. అది వార్నర్ చేతి మీదుగా నడిచే క్రీడా నిధిలోకి వెళ్లేది. విద్యార్థులే సంతకాలు చేసి ఫిర్యాదు పంపితే 1914లో అమెరికా కాంగ్రెస్ సంఘం వచ్చి విచారించింది. సూపరింటెండెంట్ పదవి ఊడింది. వార్నర్ ఆ ఏడాది తర్వాత పిట్స్‌బర్గ్ వెళ్లి మరింత పెద్ద కోచ్ అయ్యాడు. వేసవిలో చేతిఖర్చుకు కొద్ది డాలర్లు తీసుకున్నవాడు మాత్రం దోషిగా మిగిలాడు.

కార్ల షోరూంలో పుట్టిన లీగ్

థోర్ప్ తర్వాత న్యూయార్క్ జెయింట్స్ తదితర జట్లతో 1919 దాకా పెద్ద లీగ్ బేస్‌బాల్ ఆడాడు. మనసు మాత్రం ఫుట్‌బాల్ మీదే. 1915లో ఓహైయో రాష్ట్రంలోని క్యాంటన్ బుల్‌డాగ్స్ ఆయన్ను మ్యాచ్‌కు 250 డాలర్లకు పెట్టుకుంది. అంత డబ్బా అని అందరూ నవ్వారు. అప్పటిదాకా వెయ్యి పైచిలుకు జనం వచ్చే చోట ఆయన తొలి మ్యాచ్‌కు వేల మంది వచ్చారు. 1916, 1917, 1919లలో క్యాంటన్‌దే పైచేయి. డబ్బిచ్చి ఫుట్‌బాల్ చూడొచ్చని అమెరికా జనానికి అలవాటు చేసినవాళ్లలో మొదట చెప్పాల్సిన పేరు థోర్ప్‌దే.

1920 సెప్టెంబరులో క్యాంటన్‌లో రాల్ఫ్ హే అనే వ్యాపారి కార్ల షోరూంలో జట్ల యజమానులు కూడి లీగ్ పెట్టారు. పత్రికలు రాయాలంటే ఒక పెద్ద పేరు కావాలి. థోర్ప్‌ను అధ్యక్షుడిగా రాసుకున్నారు. మరుసటి ఏడు వేరొకరిని కూర్చోబెట్టారు. 1922లో ఆ లీగ్ పేరు ఎన్ఎఫ్ఎల్ అయింది.

అదే ఏడు ఓహైయోలోని లారూ అనే చిన్న ఊళ్లో వాల్టర్ లింగో అనే కుక్కల వ్యాపారి, తను పెంచే ఎయిర్‌డేల్ జాతి కుక్కల ప్రచారం కోసం ఒక ఫుట్‌బాల్ జట్టు కొన్నాడు. పేరు ఊరాంగ్ ఇండియన్స్. అందరూ ఆదివాసీ ఆటగాళ్లే, నాయకుడు థోర్ప్. ఆట మధ్య విరామంలో వాళ్లే ఈకల కిరీటాలు పెట్టుకుని నాట్యం చేయాలి, గొడ్డలి విసరాలి, కుక్కలతో వేట ఆడినట్టు నటించాలి. అలసట తీర్చుకోవాల్సిన విరామమంతా ప్రదర్శనే. గెలిచిన ఆటలు చాలా తక్కువ. రెండేళ్లకు జట్టు ముగిసింది. మంత్రిగారో కలెక్టరుగారో వస్తున్నారంటే కొమ్ముల తలపాగాలతో కోయ నృత్య బృందాన్ని ఎండలో గంటలకొద్దీ నిలబెట్టడం చూసినవాళ్లకు లారూ ఊరు అంత దూరంగా అనిపించదు.

అమెరికా ఆదివాసీలందరికీ పౌరసత్వం ఇస్తూ చట్టం వచ్చింది 1924లో. అంటే స్టాక్‌హోంలో దేశానికి స్వర్ణాలు వచ్చిన పన్నెండేళ్లకు. మన సరిహద్దు అడవుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడిన గొత్తికోయ కుటుంబాల పిల్లలకు కుల ధ్రువపత్రం దొరకడం ఇప్పటికీ గగనమే. పత్రం లేనిదే హాస్టల్ సీటు కష్టం, జట్టులో పేరూ కష్టమే. 2014లో కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాక, ఒకే ఇంటి ఆడపడుచుల పిల్లలు రెండు రాష్ట్రాల జట్లయ్యారు.

థోర్ప్ చివరి ఎన్ఎఫ్ఎల్ మ్యాచ్ 1928లో, నలభై ఒకటో ఏట. ఆ తర్వాత ఆర్థిక మాంద్యం. లాస్ ఏంజెలెస్‌లో గుంటలు తవ్వే కూలికి వెళ్లాడు. సినిమాల్లో చిన్నచిన్న వేషాలు వేశాడు. ఆదివాసీ పాత్రలకు ఆదివాసీలనే తీసుకోవాలని అక్కడా పోరాడాడు. 1932లో అదే ఊళ్లో ఒలింపిక్స్ జరిగితే టికెట్టు కొనలేకపోయాడు. తల్లివైపు కా తెగ మూలాలున్న దేశ ఉపాధ్యక్షుడు చార్లెస్ కర్టిస్ తన వరుసలో కూర్చోబెట్టుకున్నాడు. స్టేడియం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. 1950లో అసోసియేటెడ్ ప్రెస్ పాత్రికేయులు అర్ధ శతాబ్దపు మేటి క్రీడాకారుడిగా ఆయన్నే ఎన్నుకున్నారు. మరుసటి ఏడు బర్ట్ లాంకాస్టర్ ఆయన వేషంలో సినిమా వచ్చింది. కథ హక్కులు ఎన్నడో కొద్ది మొత్తానికి అమ్మేసి ఉండడంతో దాని లాభమూ ఆయన ఇంటికి రాలేదు. 1953 మార్చి 28న గుండె ఆగి మరణించాడు.

ఓక్లహోమాలో తెగ ఆచారం ప్రకారం అంత్యక్రియలు జరుగుతుండగా మూడో భార్య మధ్యలో ఆపించి దేహాన్ని తీసుకెళ్లింది. పర్యాటకుల కోసం ఎదురుచూస్తున్న రెండు పెన్సిల్వేనియా ఊళ్లు ఆమెతో ఒప్పందం చేసుకుని ఒక్కటై, జిమ్ థోర్ప్ అని పేరు పెట్టుకున్నాయి. ఆ ఊళ్లతో ఆయనకు ఏ సంబంధమూ లేదు. 2010లో ఒక కొడుకు కోర్టుకెక్కాడు. 2013లో కొడుకులు గెలిచారు, 2014లో పైకోర్టులో ఓడారు, 2015లో సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు.

పతకాల విషయంలో మాత్రం ఆలస్యంగానైనా న్యాయం జరిగింది. 1982లో ఒలింపిక్ కమిటీ ఆయన్ను సహ విజేతగా ఒప్పుకుంది. సగం గెలుపు అక్కర్లేదని తెగలో ఆయనకున్న పేరుతోనే ఒక సంస్థ పెట్టి ఆదివాసీలు ఉద్యమించారు. నాడు స్వర్ణం దక్కిన స్వీడన్ క్రీడాకారుడు వీస్లాండర్ కుటుంబమూ ఒప్పుకుంది. 2022 జూలై 15న రెండు పోటీల్లోనూ ఏకైక విజేత థోర్ప్ అని ప్రకటించారు. నూట పదేళ్లలో ఆయన విషయంలో ఆయనవాళ్లు ముందుండి నడిపి గెలిచిన వ్యవహారం నాకు కనిపించినంతలో ఇదొక్కటే.

కాగితం ఎవరు చదువుతారు?

మన నేల మీద ప్రతిభకు కొదవ లేదు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన ఇద్దరు గురుకుల విద్యార్థుల్లో ఒకడు ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. భద్రాచలంలో పుట్టిన గొంగడి త్రిష 2025 అండర్-19 మహిళల క్రికెట్ ప్రపంచకప్‌లో టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి అయింది. త్రిష వెంట అడుగడుగునా తండ్రి ఉన్నాడు. బిడ్డ శిక్షణ కోసం ఇల్లే హైదరాబాద్‌కు మార్చిన తండ్రి. పాల్వంచ దగ్గర కిన్నెరసానిలో గిరిజన సంక్షేమ శాఖ నడిపే స్పోర్ట్స్ స్కూల్ నుంచి కబడ్డీకో వాలీబాల్‌కో ఎంపికై బయటికి వెళ్లే పిల్లల్లో ఎందరి తండ్రులు అలా వెంట వెళ్లగలరు? గుండాల అడవిలో పోడు చేసుకునే మనిషికి జిల్లా కేంద్రం రావడానికే ఒక రోజు కూలి పోతుంది.

అందుకే థోర్ప్ కథలో ఉత్తరం దగ్గరికే నా ఆలోచన మళ్లీ మళ్లీ వెళ్తుంది. తన పేరుతో వెళ్లిన కాగితాన్ని తన పక్షాన చదివే మనిషి ఆయనకు లేడు. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఈ పిల్లలకు బూట్లు, ట్రాక్‌సూట్లు ఇస్తోంది, ఇవ్వాల్సిందే. దాంతోపాటు నగదు బహుమతి పిల్లల సొంత ఖాతాలోనే పడాలి. అకాడమీ ఒప్పందం మీద తల్లిదండ్రులు వేలిముద్ర వేసే ముందు దాన్ని కోయలో చదివి వినిపించే బాధ్యత ఒక ఉద్యోగికి పేరు పెట్టి అప్పగించాలి. మోకాలు దెబ్బతిని పంతొమ్మిదేళ్లకే ఇంటికి తిరిగొచ్చిన పిల్ల వైద్యం ఖర్చు ఎవరిదో ముందే రాసి ఉండాలి. కోచ్‌లుగా కోయ యువతీ యువకులనే తీసుకోవాలి. ఈ నాలుగు పనులకూ కొత్త చట్టం అక్కర్లేదు. ఐటీడీఏ పాలకమండలి వచ్చే సమావేశం ఎజెండాలో వీటిని చేర్చమని మన ఎమ్మెల్యేలను అడగండి.